ఆరు అంగల తాడు

ఆ ఫుట్‌బాల్ మైదానానికి నాలుగు మూలలు. మూడు సరైనవి. నాలుగోది ఆరు అంగలు లోపలికి ఉండేది.

ఆ సంగతి అక్కడ ఆడిన వాళ్ళందరికీ తెలుసు. గీతలమామకు అందరికంటే ముందు తెలుసు. ఆ గీత గీసింది ఆయనే.

ఆయన అసలు పని గీతలు గీయడం కాదు. నూలుమిల్లులో బాయిలరు కింద బూడిద ఎత్తేవాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పొడుగు పారతో బూడిద బయటికి లాగాలి. ఇనప తోపుడుబండిలోకి ఎత్తాలి. బండికి పన్నెండు బకెట్ల నీళ్ళు కొట్టి, ఒక రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు మిల్లు గోడ వెనక పారబోయాలి. వేడి బూడిద పారబోస్తే పని పోతుంది. ఆ నియమం బాయిలరు గది తలుపు మీద పెద్దక్షరాలతో రాసి ఉండేది. చదవడం రాని వాళ్ళకు మేస్త్రీ నోటితో చదివి వినిపించేవాడు, రోజుకు రెండుసార్లు.

గోడ వెనక ముప్పై ఏళ్ళ బూడిద పేరుకుంది. గోడకూ, కార్మికుల ఇళ్ళ వరసకూ మధ్య అదొక నల్లటి గుట్ట. గాలి ఇటు తిరిగిందంటే ఉతికిన దుప్పట్లు ఆరేలోగా మళ్ళీ మాసేవి. పిల్లలు ఆ గుట్ట మీదే గుడ్డబంతితో ఆడి, మోకాళ్ళ దాకా నల్లబడి ఇంటికొచ్చి తన్నులు తినేవాళ్ళు.

ఒక ఏడాది మగ్గాల వాళ్ళూ బాయిలరు వాళ్ళూ కలిసి మేనేజరును అడిగారు. గుట్ట చదును చేసుకుంటాం, ఆడుకుంటాం అని. చేసుకోండి అన్నాడు మేనేజరు. నోటిమాటే కదా, ఆయనదేం పోయింది.

నాలుగు నెలల ఆదివారాలు పట్టింది. గుట్టను పలకలతో లాగి పరిచారు. పైన మట్టి కావాలి. నూట ఇరవై ఇళ్ళు, ఇంటికి వంద బకెట్లు అని లెక్క వేసుకున్నారు. ఎవరికి ఎక్కడ దొరికితే అక్కడ తవ్వి తెచ్చారు. ఒకరు పెరట్లోంచి, ఒకరు కాలవగట్టు నుంచి, ఒకరు కూలిన గోడలోంచి. ఎర్రమట్టి పక్కన నల్లమట్టి, దాని పక్కన ఇసుక. మొదటి వాన పడ్డాక చూస్తే మైదానం అతుకుల బొంతలా ఉంది. ఎవరి అతుకు ఏదో వాళ్ళకు తెలుసు. ఈనాటికీ ఆ ఇళ్ళల్లోనే పెరిగిన టైలరు మధ్యగీత దగ్గర జారిపడితే, లేచి మోచెయ్యి దులుపుకుంటూ, "ఏం ఫర్వాలేదు, మా ఇంటి మట్టే" అంటాడు.

ఆఖరి శనివారం సాయంత్రం ఇళ్ళ వైపు ఒక మూల ఇంకా పల్లంగా ఉంది. తెల్లవారితే మేనేజరు వచ్చి మొదటి బంతి తంతాడు. గీతలమామ, అప్పటికింకా ఆ పేరు రాలేదు, ఇరవై ఆరేళ్ళవాడు, రెండు బళ్ళ బూడిద తోసుకొచ్చి ఆ పల్లంలో పోశాడు. పైన మట్టి పరిచాడు. కాళ్ళతో తొక్కి చదును చేశాడు. బూట్లేసుకుని ఉన్నాడు.

మర్నాడు గీతలు గీయాలి. మిల్లులో బేళ్ళు కట్టే తాడొకటి తెచ్చి, అరవై అంగలు కొలిచి, రెండు కొసలా ముడి వేశాడు. ఒక ముడి తను పట్టుకోవాలి, రెండో ముడి ఇంకొకరు. మగవాళ్ళంతా గోలు కర్రలు ఎత్తే హడావిడిలో ఉన్నారు. భార్య వచ్చింది. ఆరో నెల. కొత్తమట్టి మీద చెప్పుల అచ్చులు పడకూడదని చెప్పులు గట్టున విడిచి, ఒక చేత్తో మేకూ రాయీ, ఇంకో చేత్తో తాడూ పట్టుకుని నడిచింది.

రెండు గీతలు బాగానే పడ్డాయి. మూడోది గోలులైను. ఆయన మిల్లుగోడ దగ్గర కూర్చున్నాడు. ఆమె ఇళ్ళ వైపు నడుస్తోంది. తాడు వేళ్ళ మధ్యనుంచి జారుతోంది. ఉన్నట్టుండి ఆగింది. చూశాడు. ఆమె ఆగిపోయి ఉంది. ఆయన చేతిలో ఇంకా ఆరు అంగల తాడు మిగిలింది.

పద అన్నట్టు తాడు మెల్లగా కదిపాడు. ఆమె కదల్లేదు. ఒక్కడుగు వెనక్కి వేసినట్టు కూడా అనిపించింది. మేనేజరు తెల్లచొక్కాలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. పక్కన మేస్త్రీ. అలిసిపోయింది అనుకున్నాడు ఆయన. కేక వేస్తే నూరుమంది తల తిప్పి ఆమెను చూస్తారు. వెయ్యలేదు. మిగిలిన తాడును ముంజేతికి చుట్టుకున్నాడు. బిగువుగా పట్టుకున్నాడు. ఆమె నిలబడ్డ చోటే మేకు కొట్టింది.

గీత పడింది. ఇళ్ళ వైపు నాలుగో గీతను ఆ మేకుకే కలిపారు. గోలులైనుకు సరిగ్గా నడుమ గోలు కర్రలు పాతారు. మేనేజరు బంతి తన్నాడు. చప్పట్లు కొట్టారు.

రెండు వారాలయ్యాక గాని ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చాక ఆగలేదు. ఆ చివర కార్నర్ తంతే బంతి గోలుకు మరీ దగ్గర. "ఎవర్రా గీసింది?" అన్నారు. "బాయిలరు వేడికి ఆయనకి మెల్లకన్ను వచ్చింది" అన్నారు. ఆయనకు గీతలమామ అన్న పేరు అలా వచ్చింది. పొగడ్త కాదు. నలబై ఏళ్ళలో పొగడ్త అయింది, అది వేరే సంగతి.

"తాడు జారింది" అని చెప్పేవాడు ఎవరడిగినా. అంతకు మించి ఒక్క మాట లేదు.

సరిచేద్దామంటే భార్య ఒప్పుకోలేదు. మొదటి ఆట అయిన సాయంత్రమే ఆ మూలకు అడ్డంగా రెండు గుంజలు పాతి బట్టలదండెం కట్టేసింది. ఉతికిన నీళ్ళన్నీ అక్కడే పోసేది. నెల రోజులు, పొద్దునా సాయంత్రం, బకెట్లకు బకెట్లు. నిండు పొట్టతో మోసేది. ఎందుకే అంటే, "గడ్డి మొలుస్తుంది" అనేది. మొలిచింది కూడా. మైదానమంతా బోడిగుండులా ఉన్నా, ఆ మూల మాత్రం ఒత్తుగా, పచ్చగా ఉండేది.

ఎవరన్నా మేకు పట్టుకుని అటు పోతే వాకిట్లోంచే అరిచేది. "అక్కడ కొట్టకు!"

ఆయన ఎందుకని అడగలేదు. అడిగితే, ఆ రోజు నువ్వు ఎందుకు ఆగావు అని అడిగినట్టే. నలుగురిలో కాకపోయినా, ఇంట్లోనైనా, ఆ మాట ఎత్తితే ఆమె చిన్నబుచ్చుకుంటుందని ఆయన భయం.

అలా అలవాటైపోయింది. పుట్టిన కూతురు ఆ మూలలోనే పెరిగింది, దండెం కింద. ఆ వంకర మూలనుంచి బంతిని ఆ పిల్ల తన్నినట్టు మగపిల్లలెవరూ తన్నలేకపోయారు. ఆ పిల్ల ఇప్పుడు బస్సు కండక్టరు. బయటి జట్లు వచ్చి ఓడిపోతే, మీ మైదానం వంకర అనేవి. ఆడలేక మద్దెల ఓడంటారా అని వీళ్ళు నవ్వేవాళ్ళు. బంతి పోయి దుప్పట్లలో చుట్టుకుంటే ఆట ఆపాలన్నది ఇక్కడి నియమం. దాన్ని దండెం ఆట అనేవాళ్ళు. బంతి ఇచ్చేముందు అత్త దాన్ని తుడిచి ఇచ్చేది. మిల్లులో అందరికీ ఆయన మామ, ఆమె అత్త.

మిల్లు మూతపడింది. ఆ రోజు షిఫ్టు దిగిన వాళ్ళు ఇళ్ళకు పోకుండా మైదానంలో కూర్చున్నారు. ఎవరూ ఆడలేదు. గీతలకు మిల్లు ఇచ్చే సున్నం ఆగిపోయింది. ఇళ్ళకు వెల్లవేయగా మిగిలిన సున్నం ఇంటింటా అడిగి తెచ్చేవాడు గీతలమామ. ఒక ఏడాది ఎవరో నీలం కలిపిన సున్నం ఇచ్చారు. ఆ ఏడాదంతా గీతలు నీలంగా ఉన్నాయి. పని పోయినవాడికి పొద్దున లేవడానికి ఒక కారణం ఉండాలి. ఆయనకు అది ఉంది. అడుగున మేకుతో చిల్లులు పొడిచిన డబ్బా, దానికో కర్ర. అడుగుకొకసారి మోకాలితో డబ్బాను తట్టాలి. తట్టుకొక పిడికెడు సున్నం రాలుతుంది. దగ్గరినుంచి చూస్తే చుక్కలు, దూరంనుంచి గీత.

ఈ ఏడాది వానలు తగ్గాక మిల్లు స్థలం చూసే ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. మైదానం ఉన్న స్థలాన్ని లారీలు నిలపడానికి ఇవ్వాలనుకుంటున్నారు. ఫుట్‌బాల్ లీగు జాబితాలో ఉన్న మైదానాలను మాత్రం ముట్టుకోరు. జాబితాలోకి రావాలంటే లీగు మనిషి వచ్చి కొలవాలి. శుక్రవారం వస్తారు. ఈ ఏటికి అదే ఆఖరు.

గురువారం టైలరు వచ్చాడు. జట్టుకు కెప్టెను. యాభై దగ్గర పడ్డా బూట్లు విప్పలేదు.

"మామా, ఆ మూల సరిచేసేద్దాం. దండెం తీస్తే పనైపోతుంది."

గీతలమామ భార్య వైపు చూశాడు. ఆమె గడపలో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది.

"అక్కడ మేకు కొట్టద్దు" అంది.

"ఎందుకత్తా?"

"బట్టలెక్కడ ఆరేసుకోను?"

"మా ఇంట్లో ఆరేస్తా. ఇస్త్రీ చేసి మరీ తెచ్చిస్తా."

"నువ్వు కుట్టిన చొక్కాకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. మైదానం సరిచేయడానికొచ్చావా?"

"అత్తా, లారీలొస్తాయి. లారీల మీద ఆరేస్తావా బట్టలు?"

ఆమె నూనె గిన్నె మూత పెట్టి లోపలికి పోయింది.

"నువ్వైనా చెప్పు మామా."

"చెప్తాలే" అన్నాడు. చెప్పలేదు. ఆమె వంట గదిలో గిన్నెలు సర్దుతోంది, సర్దినవే మళ్ళీ సర్దుతోంది. ఆయన గుమ్మం దాకా వెళ్ళి, తాడు చుట్ట తీసుకుని వెనక్కి వచ్చాడు.

శుక్రవారం పది గంటలకు లీగు మనిషి వచ్చింది. ముప్పై లోపు అమ్మాయి, భుజాన సంచీ, చేతిలో చక్రంలాంటి పెద్ద టేపు. మాట తక్కువ. టేపు కొస టైలరుకిచ్చి నాలుగు వైపులా కొలిచింది. రెండోసారి కొలిచింది.

"ఆ గోలులైను యాభై నాలుగు మీటర్లు. ఈ గోలులైను నలబై ఎనిమిదిన్నర" అంది. "ఎవరు గీశారు?"

"నేనేనమ్మా" అన్నాడు గీతలమామ. "తాడు జారింది."

"ఎప్పుడు?"

"నలబై ఏళ్ళయింది."

ఆమె తలెత్తి చూసింది. నవ్వలేదు.

టైలరు ఊరుకోలేకపోయాడు. "చక్కనమ్మ చిక్కినా అందమేనంటారు కదా మేడం. మా గ్రౌండు కొంచెం చిక్కింది, అంతే."

"అంతేనా అన్నా? రాయడానికి నాకు రెండే గళ్ళున్నాయి. సరే, కాదు. చిక్కిన చక్కనమ్మకు గడి లేదు" అంటూ సంచీలోంచి కాగితం తీసింది. గీతలమామ వైపు తిరిగి, "ఒక మైదానాన్ని నలబై ఏళ్ళు గీసి, ఆరు అంగలు సరిచేసుకోలేకపోయారా పెద్దాయనా?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు.

ఆయన తల దించుకున్నాడు. "నా తప్పేనమ్మా. చూపు సరిగ్గా ఆనలేదు."

"ఆయన చూపుకేం కాలేదు. తాడూ జారలేదు."

దండెం దగ్గర అత్త నిలబడి ఉంది. బుట్ట నిండా తడిబట్టలు. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"నేనే ఆగిపోయాను" అంది. "ముడి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నేను నడవలేదు."

"ఇప్పుడవన్నీ ఎందుకే" అన్నాడు ఆయన. "ఒట్టిమనిషివి కాదు, అలిసిపోయావు. నాకు తెలుసు."

"నీ మొహం తెలుసు. అలవలేదు. కాళ్ళు కాలాయి."

ఆమె బుట్ట కింద పెట్టింది.

"ముందురోజు సాయంత్రం బూడిద పోశావు కదా, రెండు బళ్ళు. అది ఆరిందేనా?"

ఆయన నలబై ఏళ్ళ కిందటి శనివారం వెతుక్కుంటున్నట్టు ఆ మూలకేసి చూశాడు. ఆ రోజు కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. పన్నెండు బకెట్లు పట్టేంత తీరిక లేదు. చీకటి పడకముందే పల్లం పూడ్చాలి.

"మూడు బకెట్లు కొట్టాను" అన్నాడు మెల్లగా.

"పైన మట్టి చల్లగానే ఉంది చూడ్డానికి. అడుగు వేశాను, అరికాలు చురుక్కుమంది. ఇంకో అడుగు వేశాను, నిప్పు మీద పెట్టినట్టయింది. వెనక్కి వచ్చేశాను. అమ్మో అని అరుద్దామనుకున్నా. తల తిప్పితే మేస్త్రీ, పక్కన మేనేజరు. వేడి బూడిద పోశావని తెలిస్తే ఆ పూటే పంపించేసేవాళ్ళు కాదూ? కడుపులో పిల్ల."

"మరి కాళ్ళు?"

"బొబ్బలెక్కాయి. రెండు వారాలు గుడ్డలు చుట్టుకుని తిరిగాను. చూడలేదా?"

"చూశాను. కడుపుతో ఉన్నవాళ్ళకి కాళ్ళు వాస్తాయని మా అమ్మ అనేది. వాచాయనుకున్నా."

"వాచాయట" అంది ఆమె, టైలరుతో చెబుతున్నట్టు. "విన్నావా మీ మామ తెలివి."

టైలరు నవ్వబోయి ఆగాడు. "అయితే అత్తా, ఆ నీళ్ళు, దండెం..."

"పిల్లలు పరిగెత్తుకుంటూ అందులోకి పోతే? అడ్డం ఏదో ఒకటి ఉండాలి కదా. నీళ్ళు పోశాను, పోశాను, నెలకు గాని చల్లారలేదు."

"చల్లారాకైనా చెప్పొచ్చుగా" అన్నాడు గీతలమామ.

"ఏమని? నువ్వు పోసిన బూడిదలో నా కాళ్ళు కాలాయి అనా? అప్పటికే నువ్వు ఊరంతా తిరిగి తాడు జారింది, తాడు జారింది అని చెప్తున్నావు. నన్ను వెనకేసుకొస్తున్నావని తెలుసు. అలాగే ఉండనీలే అనుకున్నా. వెనకేసుకొచ్చేవాడు ఒకడున్నాడంటే ఎవరికి చేదు?"

లీగు అమ్మాయి కాగితం మడిచింది. విప్పింది.

"ఇవి సున్నం గీతలే కదా?" అంది.

"సున్నమే."

"నా బస్సు అయిదింటికి. అప్పటిదాకా నేనేం రాయను. మీరేం చేసుకుంటారో చేసుకోండి." కాస్త ఆగి, "గోలు కూడా మూడు అంగలు జరపాలి. మర్చిపోకండి" అంది. వెళ్ళి గట్టున కూర్చుంది.

టైలరు కేక వేశాడు. ఇళ్ళల్లోంచి గడ్డపారలు వచ్చాయి. గోలు కర్రల చుట్టూ తవ్వితే కింద బూడిద నల్లగా, చెమ్మగా ఉంది. అందులో వానపాములు. పది మంది కలిసి కర్రలు ఎత్తి జరిపారు. మట్టి కప్పి కాళ్ళతో తొక్కారు. ఎవరి ఇంటి మట్టి ఎవరిదో అక్కడ కలగాపులగం అయింది. దాని మీద ఒక చిన్న గొడవ కూడా అయింది.

దండెం అత్తే విప్పింది. ముడి బిగుసుకుపోయి ఉంది. పళ్ళతో లాగింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తడిబట్టలు ఏం చేయాలని చుట్టూ చూసి, కొత్తగా పాతిన గోలు అడ్డకర్ర మీద వేసింది. రెండు దుప్పట్లు, ఆయన చొక్కా. "ఆరేదాకా ఎవరూ గోలు వేయద్దు" అంది.

గీతలమామ మిల్లుగోడ దగ్గర పాత మూలలో కూర్చున్నాడు. అదే తాడు కాదు. అది ఎప్పుడో చివికిపోయింది. దాని ముడులు కొలుచుకుని ఇంకో తాడు, దాని ముడులు కొలుచుకుని ఇంకోటి. ఇది అయిదోది. ఒక ముడి తన దగ్గర మేకుకు తగిలించి, ఆ పక్కనే ఆరు అంగల తాడు ఎప్పటిలాగే ముంజేతికి చుట్టుకున్నాడు. ఆ చెయ్యి నలబై ఏళ్ళుగా దానికి అలవాటు పడింది.

ఆమె చెప్పులు గట్టున విడిచింది. కొస పట్టుకుని నడిచింది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. రెండు చోట్ల నిలబడి ఊపిరి తీసుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు. పాత మేకు దగ్గరికి వచ్చి ఆగింది. తాడు బిగిసింది.

ఆయన చేతికి చుట్టిన తాడు ఒక చుట్టు విప్పాడు. ఆమె ఒక అంగ వేసింది. గడ్డి మడమ దాకా ఉంది. ఇంకో చుట్టు. ఇంకో అంగ. మూడోదాని దగ్గర ఆమె కాలు గాల్లో ఒక్క క్షణం ఆగింది.

ఆయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, మైదానమంతా వినబడేటట్టు కేక వేశాడు.

"ఏమే! కాలుతోందా?"

అందరూ తల తిప్పి ఆమెను చూశారు. గట్టున లీగు అమ్మాయి కూడా.

ఆమె కాలు దించింది. అరికాలు నేలకు ఆనించి, కాసేపు అలాగే ఉంచింది.

"చల్లగా ఉందయ్యా!" అని అరిచింది. "తాడు వదులు!"

వదిలాడు. మూడు అంగలు నడిచి, ముడి నేలకు ఆనించి, వంగలేక టైలరును పిలిచింది. అతను మేకు పెట్టాడు, రాయి మాత్రం ఆమే అందుకుంది. నాలుగు దెబ్బలు కొట్టింది.

లీగు అమ్మాయి టేపు పట్టుకుని వచ్చింది. ఆరుతున్న దుప్పట్ల కింద వంగి, గోలు రెండు వైపులా కొలిచింది. గోలులైను కొలిచింది. ఒక గడిలో ఏదో రాసి, సంతకం పెట్టి, కాగితం టైలరు చేతికిచ్చి బస్సుకు పరిగెత్తింది. టైలరు కాగితం పైకెత్తి చూపించాడు. దూరంగా ఉన్నవాళ్ళకు అక్షరాలు కనబడవు, నవ్వుతున్న అతని మొహం కనబడుతుంది.

గీతలమామ డబ్బాలో సున్నం నింపుకుని గోడ దగ్గరినుంచి బయల్దేరాడు. అడుగుకొక తట్టు. ఆమె కొత్త మేకు దగ్గరే కూర్చుని ఆయన రావడం చూస్తోంది. యాభై నాలుగు అంగల వరకు గీత తెల్లగా పడింది. ఆ తర్వాత గడ్డి ఒత్తు. సున్నం ఆకుల మధ్యకు జారిపోయి కనబడలేదు. ఆ ఆరు అంగలు ఆయన రెండోసారి గీయాల్సి వచ్చింది.